కొత్త బండిలో ఉడత గొంతు

పోయిన వారం రాజశ్రీని మనం డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, చుట్టూ శత్రువుల మధ్య వదిలేసి వచ్చాం. తుపాకీలో తూటాలు అయిపోవచ్చాయి. తోడున్న ఒకే ఒక్క మనిషి ‘పాకం’ ఎక్కడో కొండ అవతల చెట్టు చాటున నక్కి ఉంది. సరిగ్గా అప్పుడే కిందనుంచి త్రినాధరావు కేక వేశాడు, దుర్ముహూర్తం వచ్చేస్తోంది, కొత్త బండికి పూజ చేయించాలి, తొందరగా దిగి రమ్మని.

కంగారు పడకండి. తుపాకీ, కొండ, శత్రువులు అన్నీ ఫోన్లోవే. ‘ఆఖరి దీవి’ అని ఒక ఆట. గొడుగు కట్టుకుని విమానంలోంచి దీవి మీదికి దూకాలి, చివరిదాకా ఏ జట్టు బతికుంటే ఆ జట్టు గెలిచినట్టు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో పేరున్న వర్తకుడి భార్య, విశాఖపట్నం కాలేజీలో చదువుతున్న కూతురున్న మనిషి, పని సర్దుకుని ఖాళీ దొరికినప్పుడల్లా డాబా ఎక్కి చేసేది ఇదని ఇంట్లో ఎవరికీ తెలియదు. కూతురు ఉషశ్రీకి మాత్రం తెలుసు. ఆట ఎక్కించి, ఆడటం నేర్పి, జట్టు కూడా కుదిర్చిపెట్టింది తనే. ఆటలో రాజశ్రీ పేరు ‘నూకాలు’.

పాకం ఎవరో రాజశ్రీకి తెలియదు. ఏడాదిగా కలిసి ఆడుతున్నా మొహం చూసింది లేదు. వినేది కూడా అసలు గొంతు కాదు. ఆ ఆటలో గొంతు మార్చుకునే వీలుంది, పాకం ఉడత గొంతు పెట్టుకుంది. కిచకిచలాడుతూ, నవ్వొచ్చేలా ఉంటుంది. మాట తీరు మాత్రం మన చుట్టుపక్కలదే. చోడవరం వైపు ఏ హాస్టల్లోనో చదువుకునే పిల్ల అయి ఉంటుందని రాజశ్రీ తనకు తానే తీర్మానించేసుకుని, చెల్లీ అని పిలవడం మొదలుపెట్టింది. మొహం తెలియని చెల్లెలి దగ్గర దాచుకునేదేముంటుంది? కడుపులో ఉన్నదంతా చెప్పేసుకునేది. చెప్పకూడనిది కూడా ఒకటి చెప్పేసింది.

అది మామగారి అంబాసిడర్ సంగతి.

మామగారు పరదేశిగారు బతికున్నన్నాళ్ళూ నడిపిన తెల్ల బండి అది. ఆయన పోయాక గోడౌను ముందు నిలబడిపోయింది. అత్తగారు అప్పలనర్సమ్మ శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, లోపల కూర్చుని, ఆయన చెయ్యి తగిలి నున్నబడిన స్టీరింగు మీద చెయ్యి వేసి, కాసేపటికి దిగి వచ్చేది. అలాంటి బండిని త్రినాధరావు ఈ కరెంటు బండి బుక్ చేసిన రోజున షోరూములో పాత బండి కింద మారకానికి ఇచ్చేశానన్నాడు. ఆ మాట చెప్పి, “అమ్మకి నువ్వే ఏదోటి చెప్పు, నీకు మాటలొచ్చు” అని భార్య నెత్తిన పెట్టాడు. రాజశ్రీ షెడ్డు కథ అల్లింది. రిపేరుకి ఇచ్చేమండి, సామాను దొరకడం లేదండి. అప్పటినుంచీ అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ అడుగుతూనే ఉంది, షెడ్డోడు ఏటన్నాడని. రాజశ్రీ ఏదో ఒక సామాను పేరు చెబుతూనే ఉంది. నిజం తెలిసిన రోజున ఆవిడ ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదని, తన మొహం మళ్ళీ చూడదని రాజశ్రీకి గట్టి భయం. ఆ భయం మోయలేకే పాకానికి చెప్పుకుంది. “ఆ ముసలావిడికి తెలిస్తే నా పని అయిపోయిందే చెల్లీ” అంది. పాకం ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. నెట్టు సరిగా రావడం లేదేమో అనుకుంది రాజశ్రీ.

అదీ సంగతి. ఇక గుడికి పదండి.

*

నూకాలమ్మ గుడి ముందు ఆదివారం జనం. ఇంటికొచ్చి నాలుగైదు రోజులైన నీలం రంగు కొత్త బండి వచ్చి ఆగితే ఎవరూ తిరిగి చూడలేదు, వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు కాబట్టి. అరటిపళ్ళ గంప దగ్గర నిలబడ్డ ముసలాయన ఒకాయన వెనక్కి తిరిగి, నడుముకి ఆనుతున్న బండిని చూసి, గంతు వేసినంత పని చేశాడు. “హారను కొట్టొచ్చు కదయ్యా!” అని త్రినాధరావుని నాలుగు దులిపాడు.

పూజారి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “ఇంజనుకి బొట్టు పెట్టాలి, తెరవండి.”

త్రినాధరావు ముందు మూత ఎత్తాడు. లోపల సంచీ పెట్టుకునేటంత ఖాళీ అర, దాని కింద నల్లటి ప్లాస్టిక్కు పలక.

“ఇంజనేదండీ?”

“ఉండదండి. కింద బేటరీ ఉంటాది, అంతే.”

పూజారి బతుకులో ఎన్ని బండ్లకు పూజ చేశాడో గానీ ఇంజను లేని బండి ఆయన్ని కొంచెం ఇబ్బంది పెట్టింది. కాసేపు ఆలోచించి, “పోనీ కరెంటు ఎక్కేది ఎక్కడ?” అని ఛార్జింగు మూత దగ్గరికి వచ్చి, అది తెరుచుకోగానే కుంకుమ నీళ్ళు చిలకరించబోయాడు. త్రినాధరావు “అక్కడ వద్దు బాబో! అక్కడ వద్దు!” అని పెట్టిన కేకకి కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు కూడా ఆగి చూశారు. చివరికి ముందు మూత మీద స్వస్తిక్ వేసి, దండ కట్టి, గుమ్మడికాయ తిప్పి కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. త్రినాధరావు ఎక్కి బండిని నాలుగడుగులు కదిలించాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు వినబడింది గానీ బండి చప్పుడు వినబడలేదు.

ఇంతసేపూ అప్పలనర్సమ్మ వెనక సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చలనం లేకుండా కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళు ఆవిడకి. చీడికాడ దగ్గర చెరకు రైతుల ఇంట పుట్టి, పరికిణీ కట్టే వయసు నుంచే బెల్లం పెనం పక్కన నిలబడి పాకం ముదిరిందో లేదో చెప్పిన మనిషి. నలుగురిలో ఎక్కువ మాట్లాడదు. చూస్తుంది. ఆ చూపుకే రాజశ్రీకి ఇరవై రెండేళ్ళుగా వంటింట్లో గరిటె చేతిలోంచి జారుతోంది.

“ప్రసాదం తీసుకుని వచ్చేస్తాను. మీరిద్దరూ కూర్చోండి” అని త్రినాధరావు దిగి లోపలికి వెళ్ళాడు.

దిగేటప్పుడు బండి ఆపలేదు. ఆ మాట ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఈ వారం జరిగిన గొడవంతా దానివల్లే. అంబాసిడరు ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి అతను. మోత ఆగితే బండి ఆగినట్టు, అంతే అతని లెక్క. ఈ బండికి మోతే లేదు కదా. దిగేముందు మీట నొక్కాలండి అని షోరూము అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. బెల్లం బేరాలు తప్ప ఎవరు చెప్పినా అతనికి బుర్రకెక్కదు.

బయట నిలబడ్డ రాజశ్రీ ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకోగానే ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద ‘రాజశ్రీ ఫోను’ అని అక్షరాలు వెలిగాయి. నిన్ననే పాటల కోసం జత కలిపింది, దారంతా త్రినాధరావు ఫోనునే పట్టుకున్న బండి, అది గుళ్ళోకి వెళ్ళిపోగానే తెలిసిన ఈ ఫోనుని తనంత తానే అందుకుంది. ఆవిడ అది గమనించలేదు. పొద్దున భర్త కేకకి హడలిపోయి ఆటలోంచి బయటికి రాకుండానే ఫోనుని సంచీలో కుక్కేసిందన్న సంగతి అసలే గుర్తులేదు.

వెనకాల కిటికీ అద్దం దిగింది. అప్పలనర్సమ్మ పూలమ్మే బుజ్జిని పిలిచింది.

“ఏటే బుజ్జీ, సేమంతులని సెప్పి బంతులు కలిపేసినావేటి?”

ఒక్క క్షణం గడిచింది. బండి నాలుగు వైపుల నుంచీ, పైనుంచీ కిందనుంచీ, సన్నగా కిచకిచమని ఒక గొంతు పలికింది.

“ఏటే బుజ్జీ, సేమంతులని సెప్పి బంతులు కలిపేసినావేటి?”

బుజ్జి చేతిలో దండ జారి బుట్టలో పడింది. ఇంతలో అదే మాట మళ్ళీ, మరింత సన్నగా, బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

“అమ్మగోరూ! మీ బండి మాటాడతందండీ!” అంది బుజ్జి నోరు వెళ్ళబెట్టి.

“అమ్మగోరూ! మీ బండి మాటాడతందండీ!” అంది బండి.

చుట్టూ నలుగురు చేరారు. కరెంటు బండంటే అంతే, మనం ఏటంటే అదంటాది అని ఒకాయన పక్కవాళ్ళకి విడమర్చి చెబుతున్నాడు. రాజశ్రీకి అవేవీ వినబడటం లేదు. ముందు అర్థం కాలేదు ఆవిడకి. పాకం అనుకోకుండా ఆటలోకి వచ్చి మాట్లాడుతోందనుకుంది. తన సంచీలోంచి ఫోను తీసి ఆపేద్దామని చెయ్యి కూడా పెట్టింది. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ఎక్కడో హాస్టల్లో ఉన్న పిల్లకి బుజ్జి ఎలా తెలుసు? సేమంతులు ఎలా తెలుసు?

మెడ తిప్పి వెనక్కి చూసింది. అత్తగారి ఒళ్ళో చేతిసంచీ. సంచీ మూతి తెరుచుకుని ఉంది. అందులోంచి సహస్రనామాలు వినడానికి మనవరాలు కొనిచ్చిన ట్యాబు, ఎర్ర తోలు కవరుది, సగం బయటికి కనబడుతోంది. దాని తెర మీద ‘ఆఖరి దీవి’ వెలుగుతోంది; పక్కన ఎవరేమన్నా అది విని, ఉడత గొంతులో తన ఫోనుకీ, ఫోను నుంచి బండికీ పంపుతోంది. పొద్దున ఆవిడ పూజగది తలుపు వేసుకుని విన్న సహస్రనామాలు ఏమిటో రాజశ్రీకి ఇప్పుడు తెలిసింది.

నోరు తెరవబోయి ఆగింది. ఏమన్నా బండి దాన్ని కూడా ఉడత గొంతుతో ఊరంతటికీ చాటేదే. అదొక్కటే తోచి, తెర మీద గీత పట్టుకుని శబ్దం మొత్తం కిందికి లాగేసింది.

బండి నోరు మూసుకుంది.

“పోవే బుజ్జీ. పూలు రేపు తీసుకుంతాను” అంది అప్పలనర్సమ్మ. కిటికీ అద్దం పైకెక్కింది. బయట గుడి గంటలు ఒక్కసారిగా దూరమైపోయాయి.

ముందు అద్దంలో అత్తాకోడళ్ళ చూపులు కలిశాయి.

ఈ ఏడాదిలో తను అన్న మాటలన్నీ రాజశ్రీకి ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తున్నాయి. ఉప్పు డబ్బా దాచేస్తుంది చెల్లీ మా అత్త. టీవీ చెవులు పగిలేలా పెట్టేస్తుంది చెల్లీ. కొత్త చీర కట్టుకుంటే ఒక చూపు చూస్తుందే, ఆ చూపు తగిలితే బెల్లం కూడా చేదెక్కిపోద్ది. ఆ మాటకి పాకం పడీ పడీ నవ్వింది. ఒకసారి, ఏదో ఉక్రోషంలో, ఆవిడ నడక ఎలా ఉంటుందో కూడా చెప్పింది. భగవంతుడా! ఎవరి ముందు ఎవర్ని వెక్కిరించింది తను! సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది ఆవిడకి, నిజంగానే అనిపించింది.

ఇంకా వింత ఏమిటంటే, ఉప్పు డబ్బా గొడవ పోయిన దసరా తర్వాత మళ్ళీ రాలేదు. టీవీ తగ్గిపోయింది. ఒకరోజు చీర చూసి “ఈ రంగు నీకు బాగుందే” అంది అత్తగారు. మా అత్త మారిపోయింది చెల్లీ, ఏ దేవుడు మార్చేడో అని అది కూడా పాకానికే చెప్పుకుంది తను.

“ఎప్పటినుంచీ తెలుసండీ మీకు?” అంది ఎట్టకేలకు.

“ఏటి, నువ్వు నూకాలువనా?” అప్పలనర్సమ్మ సంచీ మూతి నెమ్మదిగా సర్దింది. “మొదలెట్టిన వారానికే తెలిసిపోనాది. నువ్వు డాబా మీద ‘కొట్టు, కొట్టు’ అని అరుత్తే ఈ సెవికి ట్యాబులోంచి ఇనబడతాది, ఆ సెవికి కిటికీలోంచి ఇనబడతాది. తెలవదేటి?”

“తెలిసి... తెలిసి కూడా నా చేత చెల్లీ అనిపించుకున్నారా?”

“అనిపించుకున్నాను.”

“ఎందుకండీ? నన్ను తిట్టొచ్చు కదా. అప్పుడే పిలిచి నాలుగు చివాట్లు పెట్టొచ్చు కదా!”

అప్పలనర్సమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో రాజశ్రీ ఎప్పుడూ వినని మెత్తదనం ఉంది.

“ఇరవై ఏళ్ళు దాటింది నువ్వు మా ఇంటికొచ్చి. కాఫీ తాగుతారా, అన్నం ఎట్టీమంటారా. ఇదే కదే నువ్వు నాతోటి ఆడిన మాట. ఆ ఆటలో నీ పెళ్ళికి ముందు సంగతులు సెప్పేవు. మీ అమ్మ పోయినప్పుడు ఏడవడానికి కూడా నీకు తీరిక లేదని సెప్పేవు. అది నాకు తెలీదు. ఒకే ఇంట్లో ఉన్నాను, నాకు తెలీదు. తిడితే ఇంకేటి సెప్తావు నువ్వు? అందికే ఊరుకున్నాను.”

రాజశ్రీకి కళ్ళు మసకలు కమ్మాయి. పమిట చెంగుతో తుడుచుకోబోయి ఆగింది. ఇంకా అసలు సంగతి మిగిలే ఉంది. ఇద్దరికీ తెలుసు అది.

“మరి... బండి సంగతి కూడా...”

“నువ్వు సెప్పిన మర్నాడు పొద్దున్న నిన్ను అడిగేను కదా, షెడ్డోడు ఏటన్నాడే అని. పాకానికి సెప్పినావు, నాకూ సెప్తావేమో, నీ నోటితో నువ్వే సెప్తావేమో అనుకున్నాను. ఏటి సెప్పేవు ఆ రోజు?”

రాజశ్రీ తల దించుకుంది. “రేడియేటర్ రాలేదని.”

“ఆ తరవాత?”

“క్లచ్ ప్లేటని.”

“నిన్న?”

“...స్టీరింగు పెట్టె అని.”

“స్టీరింగు పెట్టె.” అప్పలనర్సమ్మ ఆ మాటను నోట్లో తిప్పి చూసినట్టు అంది. “ఆయన సెయ్యి తగిలి అరిగిపోయిన స్టీరింగు. అది బాగయి వత్తాదని నేను ఎదురుసూత్తన్నానని అనుకుంతావు నువ్వు. రోజూ పొద్దున్న నీ మొగం సూసేదాన్ని. అబద్దం సెప్పినప్పుడు నీకు సెవులు ఎర్రబడతాయే. కాఫీ దిగేది కాదు నాకు.”

ఇంతకంటే నాలుగు తిట్లు తింటే సులువుగా ఉండేది. రాజశ్రీ వెనక్కి వంగి అత్తగారి మోకాళ్ళ మీద చేతులు పెట్టేసింది. సీట్ల మధ్య నడుము పట్టేసినా లెక్క చెయ్యలేదు.

“తప్పేనండి. చెప్పే ధైర్యం లేదండి నాకు. ఆ షోరూముకి వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా అడుగుతానండి, ఆ బండి ఎవరికి అమ్మేరో, ఎక్కడుందో...”

“షోరూములో లేదే అది.”

“అమ్మేసుంటారండి, అందుకే...”

“ఆళ్ళు తీసుకోనే లేదు.”

రాజశ్రీ చేతులు అలాగే ఉండిపోయాయి.

“ఉష సేత ఫోను సేయించేను” అంది అప్పలనర్సమ్మ. “ఆ పేరు మీద పాత బండేదీ మాకు రాలేదండి, అంత పాతయి మేము తీసుకోమండి అన్నారంట. నువ్వు నాకు అబద్దం సెప్పేవు. సరే. నీకు సెప్పినోడు నీకూ అబద్దమే సెప్పేడు.”

“ఆయనా? ఆయన నాతో అబద్ధం చెప్పరండి.” అన్నాక ఆ మాట తనకే బలహీనంగా వినిపించింది.

“మొన్న గురువారం ఈ బండి ఇంట్లోంచి పోయినప్పుడు బేటరీ ఎంతుంది?”

“నిండా ఉందండి. రాత్రంతా నేనే కదా ఛార్జింగు పెట్టేను.”

“తిరిగొచ్చినప్పుడో?”

రాజశ్రీకి గుర్తుంది. సగం కంటే తక్కువుంది. అదేటండీ మార్కెట్టుకి వెళ్ళొస్తేనే ఇంత దిగిపోయింది అంటే, కొత్తలో అలాగే తాగుద్ది లేవే, తర్వాత సర్దుకుంటాది అన్నాడు భర్త. తను నమ్మేసింది. ఇంటికీ బెల్లం మార్కెట్టుకీ మధ్య నడిచి వెళ్ళేంత దూరం.

“మన నూకరత్నం ఫోను సేసింది, రావికమతం నించి” అంది అప్పలనర్సమ్మ. నూకరత్నం ఆవిడకి వరసకి ఆడపడుచు, ఆ ఊరు అనకాపల్లి నుంచి బండి మీద గంట దూరం. “వదినా, మా ఊర్లో అన్నయ్య బండి తిరగతంది, ఇంట్లో ఉంటే హారను ఇని రోడ్డు మీదికి పరుగెట్టేను అంది. తెల్లరంగు మళ్ళీ ఏయించేరంట. అద్దంలాగ ఉందంట. ఎవరో ఆడపిల్ల తోలతంది, పాతికేళ్ళుంటాయేమో, నీలం రంగు కొత్త బండిలో మన తినాదు కూడా వచ్చి ఆ ఇంటి ముందు దిగేడు అంది.”

బయట ఎవరో కొబ్బరికాయ కొట్టారు. రాజశ్రీ ఉలిక్కిపడింది.

ఆడపిల్ల. పాతికేళ్ళు. ఆ రెండు మాటలూ చెవిలో పడ్డాక మిగతా లోకం ఆగిపోయింది ఆవిడకి. ఇప్పటిదాకా తను దొంగననుకుంది. తన అబద్ధం బయటపడితే ఏమవుతానో అని భయపడింది. ఆ అబద్ధం కూడా తనది కాదు, ఇంకెవరో అల్లి చేతిలో పెట్టింది. దాన్ని భద్రంగా మోసుకుంటూ, దానికి క్లచ్ ప్లేట్లూ రేడియేటర్లూ తగిలిస్తూ, రోజూ అత్తగారికి వడ్డించింది తను. పక్కనే కూర్చుని వేడివేడి ఇడ్లీ తింటూ అంతా విన్నాడు ఆ మనిషి. ఒక్కసారైనా గొంతు పట్టుకోలేదు అతనికి.

“ఏం చేద్దామే?” అంది.

అనేశాక నాలుక కరుచుకుంది. ఆటలో శత్రువు కనబడగానే పాకాన్ని అడిగే మాట, అడిగే తీరు. అత్తగారు అద్దంలోకి చూసింది. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి వెళ్ళిపోయింది.

“ఏటి సేత్తాం? ఎప్పుడూ సేసేదే. సెట్టు సాటున కూకుంటాం. నువ్వు నోరెత్తకు. నేనొక రాయి ఇసుర్తాను. ఎటు కదులుతాడో సూడు.”

“ఆయన కానీ నన్నేదైనా అడిగితే...”

“పాకం రానీయే. ముందే దించేత్తే ముద్ద కట్టదు.” ఆటలో కూడా వందసార్లు అన్న మాటే అది. ఇన్నాళ్ళూ ఉడత గొంతులో విని నవ్వుకున్న మాట, ఇప్పుడు ఈ ముసలి గొంతులో వింటే రాజశ్రీకి కొండంత ధైర్యం వచ్చింది. ఇంట్లో తనకి ఒక మనిషి ఉంది. ఇంత ఘోరమైన పొద్దున ఆ ఒక్కటీ మంచి కబురు.

*

త్రినాధరావు వచ్చాడు. నుదుటి నిండా కుంకుమ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరి చిప్పలూ అరటిపళ్ళూ. మనిషి మహా సంతోషంగా ఉన్నాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తెర వెలుగుతూ ఉండటం చూసి తలమీద చెయ్యి వేసుకున్నాడు.

“ఓర్నాయనో, ఆపకుండా దిగిపోయేనా? సప్పుడుండదు కదా, తెలీదు దీంతోటి.” నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. అది అతనికి పట్టలేదు. “పూజ అయినాక మొదట దేవుడి పాట పడాలి. ఏటిది, సౌండు ఎవరు తగ్గించేసేరు?” అంటూ తెర మీది గీత కోసం వేలు చాపాడు.

రాజశ్రీ వద్దనబోయింది. నోరెత్తకు అన్న మాట గుర్తొచ్చి ఊరుకుంది. ఇద్దరి సంచుల్లోనూ ఆట తెరిచే ఉంది.

“ఇంటికేనా అమ్మా? ఎక్కడికైనా తిప్పమంటావేటి, కొత్త బండిలో?” అని, గీతని పైదాకా తోశాడు.

“రావికమతం పోనీ” అంది అప్పలనర్సమ్మ.

“రావికమతం పోనీ” అంది ఉడత.

త్రినాధరావు ఒళ్ళోని పళ్ళెం ఒరిగింది. కొబ్బరి చిప్ప ఒకటి దొర్లి కాళ్ళ దగ్గరికి పోయింది. బండి ఎందుకు మాట్లాడింది, ఆ గొంతు ఎవరిది, ఇలాంటివేవీ అడగలేదు అతను. అటు చూడనైనా లేదు. తల్లి వైపు తిరిగాడు. కుంకుమ కింద మొహం తెల్లగా పాలిపోయింది.

రాజశ్రీ ఆ మొహాన్నే చూస్తోంది. ఎందుకమ్మా అంటాడని ఎదురుచూస్తోంది. ఏ పాపం ఎరగని మనిషి ఎవరైనా అడిగేది అదే కదా. రావికమతమా, ఎందుకు, ఎవరున్నారక్కడ? ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగతాదంతా అబద్ధమని నమ్మడానికి సిద్ధంగా ఉంది. అడుగు, అడుగు అని మనసులో అతని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

అతను అడగలేదు.

“తెలిసిపోయిందా అమ్మా?” అన్నాడు.

వెనక సీట్లోంచి జవాబు లేదు. చెట్టు చాటున కూర్చోవడం అంటే ఏమిటో అప్పలనర్సమ్మకి తెలుసు. ఉడత మాత్రం “తెలిసిపోయిందా అమ్మా?” అని అతని మాటే అతనికి అప్పగించింది.

త్రినాధరావు రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. కదలని బండిలో, పడిపోతానన్నట్టు పట్టుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆ కళ్ళలో రాజశ్రీ వెతుకుతున్న దొంగతనం లేదు. చాలాకాలం బరువు మోసి మోసి, ఇక దించేసుకునే మనిషి అలసట ఉంది. అది చూశాక ఆవిడకి ఇంకా ఎక్కువ భయం వేసింది.

“ఆ పిల్లకి బండి నేనుగా ఇవ్వలేదమ్మా” అన్నాడు. “నాన్నే ఇమ్మన్నాడు. దాని పెళ్ళి నాటికి అది దాని ఇంటి ముందు ఉండాలని, పోయేముందు నా చేత ఒట్టేయించుకున్నాడు.”

రాజశ్రీ తిరిగి చూసే ధైర్యం లేక అద్దంలోకి చూసింది.

ఏడాదిగా ఎంతమంది శత్రువులు చుట్టుముట్టినా ఒక్కసారి కూడా తొణకని పాకం, కొడుకు కదలిక కోసం రాయి విసిరిన పాకం, ఆ దెబ్బ తనకే వచ్చి తగిలినట్టు సీట్లో వెనక్కి ఒరిగిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. శుక్రవారం శుక్రవారం స్టీరింగు మీద వేసిన ఆ చెయ్యి గాలిలోకి లేచి, తడుముకుంటూ ముందుకు వచ్చి, కోడలి భుజాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది.

బండి నాలుగు మూలల నుంచీ ఉడత గొంతు “నాన్నే ఇమ్మన్నాడు” అంది. మళ్ళీ అంది, ఇంకా సన్నగా.

అప్పలనర్సమ్మ కొడుకుని ఏమీ అడగలేదు. కోడలి వైపే చూసింది.

“నూకాలూ” అంది, “ఈడు ఏటంతన్నాడే?”